కిరాయి దయ్యం

పది రోజులకు నలభై వేలు.
సంతకం పెట్టేటప్పుడు అవ్వ ఒక్కటే అడిగింది:
"దయ్యం యాడ ఉంటదట?"
"నడిమర్రల" అన్నడు మేనేజరు.
అవ్వ తల ఊపింది,
పాలోడు నెల లెక్క చెప్తే ఊపినట్టు.

కొత్తవాడల మా ఇల్లు.
అటు ఇటు మగ్గాల చప్పుడు.
మా ఇంట్ల లేదు,
నాకు ఎరుకైన కాడికెల్లి లేదు.
నడిమర్ర గచ్చు మధ్యల
చాప పరిచినంత మేర సిమెంటు రంగు వేరు.
ఎండకాలం అక్కడ సల్లగుంటుండె.
నేనూ తమ్ముడూ అక్కడ్నే పండుకునేది.
అవ్వ వచ్చి పక్కకు జరిపేది,
నిద్రల ఉన్నమని గూడ చూడకుండ.

బాపు టాకీసు గేటుకాడ టికెట్లు చింపేది.
దయ్యాల సినిమాలన్నీ మేం ఉత్తగనే చూసినం.
బజ్జీల నూనె చేతులతోటి
తమ్ముని కండ్లు నేను మూసేది,
వేళ్ల సందులకెల్లి వాడు చూసేది.
మూసిన అర్ర తాళం పగిలే సీను రాంగనే
ఎనుకకు తిరిగితే
గేటుకాడ బాపు ఉండకపోయేది.
బయట బీడి ఎలుగు.
రిలీజైన నాటి మొదటి ఆటకు గూడ
ఆ తాళం ఎప్పుడు పగుల్తదో
ఆయనకెట్ల తెలుస్తుండెనో.

సినిమాల దయ్యానికి ఓపిక ఉండదు.
రెండు గంటల్ల అంతా చెప్పేస్తది,
ఎవడు చంపిండు, యాడ పాతిండ్రు,
గాజులు ఏ గోడ కింద.
అందరు ఏడుస్తరు, లైట్లు ఎలుగుతయి.
మా ఇంట్ల అంత తొందర లేకుండె.
మా ఇంట్ల రేషన్ కార్డు మీద
ఒక పేరుకు అడ్డంగ సిరా గీత ఉండె.
ఎండకు పట్టి చూసిన.
"భ" ఒక్కటి కనబడ్డది.
అవ్వ కార్డు గుంజుకుని
నా చేతిల చక్కెర పోసింది.

సినిమోళ్లు వచ్చిండ్రు.
మిషనుతోటి దూది బూజు కొట్టిండ్రు.
పొద్దున్నే లేసి అవ్వ సగం ఊడ్చేసింది.
మళ్ల కొట్టిండ్రు.
డైరెక్టరు గచ్చును మడిమెతోటి తట్టి
"లోపల బోలుగున్నదే" అని సంబురపడ్డడు.
"గుంట మగ్గం ఉండె" అన్నది అవ్వ.
నలభై ఏండ్లల్ల ఆ మాట మా ఇంట్ల
అప్పుడే మొదలు విన్న.

గోడకు ఒక ఫోటో పెట్టి దండేసిండ్రు.
నాలుగేండ్ల పిల్ల. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు.
ఎవల బిడ్డనో,
ఏ పాత స్టూడియో డబ్బాలకెల్లి తెచ్చిండ్రో,
ఇప్పుడు యాడనో పిల్లల తల్లి కావచ్చు.
అవ్వ కండ్లద్దాలు పెట్టుకుని చానాసేపు చూసింది.
"జడలు కాదు బిడ్డా" అన్నది ఆర్టు పిల్లగానితోటి,
"గుండుండె. ఐలోని జాతరల అప్పుడే తీయిస్తిమి."
కతకు సలహా అనుకున్నడు వాడు.
"గుండైతే భయం రాదమ్మా" అని నవ్విండు.

ఆ రాత్రి పొగ మిషను సల్లారినంక
అవ్వ చెప్పింది. చెప్పిందంటే,
రంగు కాగు. ఎర్ర రంగు, మసులుతున్నది.
మీ బాపు గుంటల కాళ్లాడిస్తున్నడు.
నేను బాయికాడ ఉన్న.
మగ్గం చప్పుడుల ఇనబడలే.
అంతే.
మళ్ల అన్నది, చప్పుడుల ఇనబడలే.
పదకొండో నాడు బాపు మగ్గం కట్టెలు కాలబెట్టి
గుంట పూడ్చిండట.
లోపల ఏమున్నదే అని అడిగిన.
"ఎండేసిన గౌను. ఒక నాడె" అన్నది.
కొంచెం ఆగి, "ఇంక మట్టే."

సినిమోళ్లు పోయిండ్రు.
బూజు, పుర్రె, ఇరిగిన ఊయల
అన్నీ వ్యానుకెక్కించిండ్రు.
ఫోటో కోసం లెంకిండ్రు, దొరకలే.
కిరాయిల రెండొందలు కోస్తమన్నరు.
కొయ్యిండ్రి అన్న.

ఇప్పుడది బియ్యం డబ్బా ఎనుకున్నది.
రెండు జడల మీద అవ్వ పసుపు పూసింది,
కొత్తగ తీసిన గుండుకు పూసినట్టు.

సినిమా ఇంకా రిలీజు కాలే.
పక్కింటి మగ్గం ఆగినప్పుడల్ల
అవ్వ చెవి రిక్కిస్తది.
"భద్రా, లోపలికి రాయే, ఎండ" అంటది.

నేను లేసి దర్వాజ తీస్త.