నలభై కిలోబైట్ల చేప

ఏడుగురు.
మనిషికి రోజుకి ముప్పై మెయిళ్లు,
మెయిలుకి నలభై కిలోబైట్లు.
అందులో అయిదో వంతు ఒక్క రద్దీ గంటలోనే వస్తుందనుకుని
ఎనిమిదితో హెచ్చవేసి మూడువేల ఆరువందలతో భాగిస్తే
సెకనుకి నాలుగు కిలోబిట్లు కూడా తేలలేదు.
ఎందుకైనా మంచిదని పదింతలు చేశాను.
అప్పటికీ నలభై.
మెలింకా ఆఫీసుకి ఉన్నది నూట ఇరవై ఎనిమిది.

"చాలు" అని రాశాను రిపోర్టులో.
దోన్ లదిస్లావో రెండో పేజీ తిప్పకుండానే సంతకం పెట్టాడు.
ప్వెర్తో మోంత్‌లో ఆ రోజు ఎండ కాసింది.
నా లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

ఆగస్టులో డిష్ కేబుల్ కుళ్లిపోయిందంటే
రాత్రంతా పడవలో ఊగి వెళ్లాను.
వానకి అక్కడ వేరే పేరు లేదు, గాలి అన్నా అదే.
సాల్మన్ కంపెనీ ఆఫీసంటే రేకు కప్పు, కట్టెల పొయ్యి, ఏడు కుర్చీలు.
గోడకి అంటించిన కాగితం మీద
ఎవరు ఏ వేళ మెయిల్ పంపాలో రాసుంది, చేతిరాత.
రోసమెల్‌ది తెల్లవారుజామున అయిదు.
ఎదువిహెస్ చిగ్వాయ్‌ది ఒంటిగంట ఇరవై, మిగతావాళ్ల భోజనాల వేళ.

వాళ్ల మెయిళ్లలో "ప్రియమైన" ఉండదు.
సంతకం కింద కంపెనీ గుర్తు ఉండదు.
పాత జవాబుల తోక కత్తిరించి పంపుతారు,
పీనాసి దర్జీ గుడ్డ మిగుల్చుకున్నట్టు.
నా ముప్పై, నా నలభై
ఈ గదిలోంచే వచ్చాయి.
చెంబు కొలిచి
దాహం ఇంతేనని రాసినవాణ్ణి నేను.

బంగాళాదుంప చెక్కు తీస్తూ ఎదువిహెస్ చెప్పింది,
ఫిర్యాదులా కాదు, వాతావరణం చెప్పినట్టు.
తొమ్మిదో పంజరంలో ఒక చేప,
మొప్ప వెనక కందిబద్దంత ఎర్రటి పుండు.
ఫోటో నాలుగు మెగాబైట్లు.
సగం చేసింది. వెళ్లలేదు.
మళ్లీ సగం. మళ్లీ.
నలభైకి వచ్చేసరికి వెళ్లింది.
దారిలో పుండు పొలుసులో కలిసిపోయింది.
పశువైద్యుడి జవాబు ఒక్క లైను:
"తేడా ఏమీ కనబడలేదు, గమనిస్తూ ఉండండి."
గమనిస్తూనే ఉన్నారు.
పదహారో రోజున వలతో తోడి సున్నంలో పూడ్చారు,
ఎన్ని చేపలో ఆమె చెప్పలేదు.
ఆ అంకె పంపడానికి మాత్రం చోటు సరిపోయిందట.

కేబుల్ మార్చడం గంట పని.
రెండు రోజులున్నాను.
పరీక్ష కోసం తెచ్చిన మోడెమ్‌తో, ఎవరినీ అడగకుండా,
లైను రెండు మెగాబిట్లకి తెరిచి చెప్పాను:
"ఏదీ తగ్గించకండి. కత్తిరించకండి. వేళ చూసుకోకండి."

మొదటి పూట ఎవరూ నమ్మలేదు.
గీత నేలకి అతుక్కుని పాకింది.
సర్దుకోవడం కూడా ఒక అలవాటే కదా,
వేళ్లు వాటంతటవే బొమ్మని సగం చేస్తాయి.
మధ్యాహ్నానికి ఎవరో "నమస్కారం" అని మొదలుపెట్టారు.
సాయంత్రానికి గీత లేచి నిలబడింది,
నా పదింతల గీటు ఎక్కడో దాని మోకాలి దగ్గర.

ప్వెర్తో మోంత్‌కి తిరిగొచ్చి కొత్త పట్టిక తెరిచాను.
ఉద్యోగుల సంఖ్య: ఏడు. అది మారలేదు.
సగటు గడి దగ్గర చెయ్యి ఆగింది.

అప్పుడే అకౌంట్స్ విభాగం నుంచి ఒక మెయిల్
నవ్వుతూ నాకు పంపారు.
రోసమెల్ మార్చి నుంచీ అడుగుతున్నాడు: "బూటు చిరిగింది."
వాళ్లు ప్రతిసారీ రాస్తున్నారు: "వివరాలు చాలవు."
ఈసారి మాట ఒక్కటీ లేదు.
ఆరు మెగాబైట్ల బూటు,
బొటనవేలు, గోరు కింద బురద,
వేలి మీద వెంట్రుకలు కూడా లెక్కపెట్టచ్చు.