మొక్కజొన్న పీచు

పరగ్వే, 1871

కూర్చో నాయనా. ఆ పీట మీద వద్దు, కుంటుతుంది.
మాతే కాగుతోంది.
ఆకు పాతదే, మూడుసార్లు మరిగించి ఆరబెట్టింది,
చేదు పోయింది, వేడి మిగిలింది.
రాజధాని నించి ఇంత దూరం నడిచొచ్చావంటే
ఎవరికో ఏదో లెక్క కావాలన్నమాట.
అడుగు.

ఇంట్లో మగవాళ్లా?
దూలానికి వేలాడే ఆ టోపీ మా ఆయనది.
కురుపైతీ కందకాల్లో ఉన్నాడని ఒక ఉత్తరం,
లేడని ఒక ఉత్తరం,
రెండూ ఒకే చేతిరాత.
మరిది కలరాతో పోయాడు.
తూటా తగలకుండా పోయినందుకు
మా అత్త చాన్నాళ్లు సిగ్గుపడింది.
మా నాన్నకి డెబ్భై దాటాయి, ఆయన్నీ పిలిచారు,
తూటా కాగితం కొరకడానికి పళ్లు లేవని
చేతికి ఈటె ఇచ్చారు.

వీధి చివరిదాకా వెళ్లి చూడు.
ఎద్దులు లేవు.
కాడికి ఒకవైపు సతుర్నీనా, ఒకవైపు నేను.

ఇక క్రిసాంతో.

నిలబడితే నా భుజం దాకా వచ్చేవాడు.
సార్జెంటు వచ్చినప్పుడు కర్రపెండలం చెక్కు తీస్తున్నాడు.
కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని వెళ్లాడు,
పక్కింటివాళ్లు పిలిస్తే వెళ్లినట్టు.
మేమూ నడిచాం, తల్లులందరం, బండ్ల వెనకాల.
ఆగస్టు నెల.
లపాచో చెట్లు ఆకులన్నీ రాల్చేసి
ఒళ్లంతా గులాబిరంగు పూసుకుని ఉన్నాయి,
చూడ్డానికే సిగ్గేసేంత.

ముందురోజు రాత్రి చెప్పారు:
దూరం నించి చూస్తే మగవాళ్లలా కనపడాలి,
గడ్డాలు కట్టండి.
కొందరు గుర్రం తోక కోసుకొచ్చారు, కొందరు మేక బొచ్చు.
నా మూటలో ఉన్నవి రెండు ఎండు పొత్తులు.
వాటి పీచు దువ్వి, చెట్టుబంక కరిగించాను.
నాకు లేసు అల్లడం వచ్చు, సాలెగూటి లేసు.
పెళ్లికూతుళ్ల ముసుగులు అల్లిన వేళ్లివి.
ఆ రాత్రి పదకొండు గడ్డాలు అతికించాయి.
ఒకడు చక్కిలిగిలి అని మెలికలు తిరిగాడు.
ఒకడు మీసం కూడా కావాలన్నాడు.
క్రిసాంతో ఏమీ అనలేదు.
గడ్డం పైకెత్తి పట్టుకున్నాడు,
చిన్నప్పుడు ముక్కు తుడుస్తుంటే ఎత్తినట్టే.

మర్నాడు గడ్డి అంటుకుంది, మైదానమంతా.
పొద్దుగూకాక వెతకడానికి వెళ్లాం.
దాని గురించి అడక్కు.
పీచు తొందరగా కాలుతుందన్న సంగతి
పొయ్యి దగ్గర కూర్చునే మనిషిని, నాకు ఎప్పుడో తెలుసు.
అదొక్కటే చెబుతాను.

ఈసారి పొత్తులు బాగా వచ్చాయి.
మొన్న నా చిన్నది, బసీలియా,
లేతపొత్తు ఒలిచి, పీచు మూతికింద పెట్టుకుని
"అమ్మా, నేనెవర్నో చెప్పు" అంది.
కొట్టలేదు.
పొత్తు లాక్కుని ఉడకేశాను. అందరం తిన్నాం.
ఉప్పు లేదు.

నీ కాగితం మీద గడులు చూస్తున్నాను.
చదువు రాదు గాని గడులు తెలుసు, లేసంటే గడులే.
ఇది మగవాళ్లది, ఇది ఆడవాళ్లది, ఇది పిల్లలది, అంతేనా?
సైన్యం పుస్తకంలో వాణ్ణి మొదటి గడిలో వేసుకున్నారు.
చంపినవాళ్లూ అందులోనే లెక్కేసుకుని
గెలిచామని చెప్పుకున్నారు.
నువ్వు మాత్రం మూడోదాంట్లో వెయ్యి.
వయసు పన్నెండు.
పదమూడు నిండడానికి నెల తక్కువ,
అయినా పన్నెండే వెయ్యి.

పోయినవాళ్లకి గడి లేదా.
ఉన్నవాళ్లనే లెక్కపెట్టి రమ్మన్నారా.

సరేలే. తాగు, చల్లారిపోతుంది.
అట్లా కళ్లప్పగించి చూస్తోందేమిటని అనుకోకు.
ఇందాకట్నించీ నీ పైపెదవి మీద
చెమటేమో అనుకుంటున్నాను.
కాస్త వెలుగులోకి తిరుగు.

కాదు,
నిజంగానే మొలుస్తోంది.