అరువు జ్వరం

చెక్ ట్రే ఎత్తినప్పుడు మేత మిగిలి ఉంటే
గుంటలో ఏదో మొదలైందని
పదకొండేళ్లుగా నాకు తెలుసు.
అల్లూరు నుంచి ఇసకపల్లి దాకా
ఎవరి రొయ్య నలతగా ఉన్నా
"పెంచలా, ఒకసారి రారా" అని నాకే ఫోను.

నా గదిలో, గాజు పెట్టెలో మాత్రం
వారం వారం పెట్టిన ఎలుక
తోక కూడా నలగకుండా మూడుసార్లు మిగిలితే
కుబుసం విడిచే ముందు అంతేలే అనుకున్నాను.

దాని పేరు సున్నుండ.
బెదిరితే తల లోపల దాచుకుని
ఉండలా చుట్టుకుంటుంది.
ఆ రంగే, ఆ నెయ్యి మెరుపే.
ఓనరు కొడుకు చెన్నైలో మోజుపడి కొని
మోజు తీరాక కాగితాలతో సహా నాకిచ్చి పోయాడు.
అప్పట్నుంచి పాలవాడు
గిన్నె ప్రహరీ మీదే పెట్టి పోతాడు.

కుక్కకి బాగలేకపోతే మూలుగుతుంది.
గేదె నెమరు మానేస్తే పక్కింటివాళ్లే చెబుతారు.
దీనికి గొంతు లేదు, మూసుకునే రెప్ప లేదు.
దీని జబ్బంతా
జరగకుండా పోయినవాటిలో దాక్కుంటుంది.
నేనేమో జరిగేవాటినే చూస్తూ కూర్చున్నాను.

తుఫాను ముసురుకి రెండు రోజులు కరెంటు లేదు.
ఉన్న జనరేటరు ఏరేటర్లకే చాల్లేదు.
ఇరవై లక్షల పిల్ల ఊపిరాడక తేలుతుంటే
ఒక్క బల్బు వేడి ఎవడడుగుతాడు?
నేనూ అడగలేదు.

మూడోనాడు తెల్లారి చూస్తే
కుబుసం తడిసిన పేపరులా ముక్కలు ముక్కలు.
తల నిలువునా ఎత్తి, నోరు సందు తెరిచి
రేకుల మీద ఏదో రాసుంటే చదువుతున్నట్టు
పైకే చూస్తోంది.
ముక్కు దగ్గర ఒక బుడగ.
పగిలింది. మళ్లీ పుట్టింది.

బుడగలు నా బతుకుదెరువు.
నీళ్లలో అవి ఆగిపోతే పరుగెత్తేవాణ్ణి
మొదటిసారి
ఒక బుడగ ఆగిపోతే బాగుండనుకున్నాను.

గుంటల కాపలా చెంచమ్మ వచ్చింది.
మా వీధిలో గడప దాటి వచ్చేది ఆమె ఒక్కతే.
చిన్నప్పుడు వరిగట్ల మీద
ఎలుకబొక్కకి చెవి పెట్టి ఉందో లేదో చెప్పిన మనిషి
సున్నుండ పక్కటెముకలకి చెవి ఆనించింది.
"చిట్లతా ఉండాదబ్బయా లోపల,
పెనం మీద ఉప్పేసినట్టు."
కాసేపాగి అంది:
"మనకి జొరమొస్తే మన ఒళ్లే కాగద్ది.
దీనికి జొరం కావాలన్నా బయట్నుంచే తేవాల.
అరువు జొరం. నువ్వే ఇయ్యాల."

దిండు గలీబులో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని
పశువుల ఆసుపత్రికి పోతే
ముందున్న మూడు గేదెలవాళ్లు
అడక్కుండానే వరస ఇచ్చేశారు.
"దీని మీద నేను రాసింది రెండు మార్కుల ప్రశ్న,
అదీ ఛాయిస్‌లో వదిలేశా"
అంది డాక్టర్ హఫీజున్నీసా,
తిరుపతిలో ఉన్న క్లాస్‌మేటుకి ఫోను కలుపుతూ.
రొయ్య కౌంటు తీసే నా కాటా మీదే తూచాం.
పోయినసారికీ ఇప్పటికీ తేడా
నూట డెబ్బై గ్రాములు.
అంత బరువుంటుంది నిర్లక్ష్యం.

తొడ లేదు, మూపు లేదు, ఎక్కడ పొడవాలి?
ముందు సగంలోనే అన్నాడట ఆ క్లాస్‌మేటు.
గేదెకి సీసాలు సీసాలు ఎక్కించే చెయ్యి
చుక్కలో చుక్క దగ్గర వణికింది.
సూది దిగినా అది మెలిక పడలేదు.
అదే నాకు ఎక్కువ భయమేసింది.

హేచరీలో మూలపడ్డ హీటరు తెచ్చి
నీళ్లక్యానులో ముంచి పెట్టె ఒక కొస కింద పెట్టాను.
అటు ముప్పై మూడు. ఇటు చల్లన.
ఎటుండాలో దాని ఇష్టం.
కరెంటు పోయిన రాత్రుల్లో
గోనెగుడ్డ చుట్టిన వేణ్ణీళ్ల సీసాలు,
గంటగంటకీ మార్చే నేను.
మా అమ్మ నా నుదుటి మీద తడిగుడ్డ మార్చినట్టే,
కాకపోతే తిరగేసి.

ఆరో సూది మొన్న అయింది.
బుడగ రెండు రోజులుగా లేదు.
రాత్రి లేచి చూస్తే వేడి కొస వదిలి
చల్లటి కొసకి పోయి పడుకుంది.
అరువు తీరిపోయిందో, నా మీద విసుగో.
"చాలంటా ఉండాదిలే" అంది చెంచమ్మ.

ఎలుక మాత్రం ఇంకా అక్కడే ఉంది.
మూత ఎత్తి చూస్తున్నాను,
చెక్ ట్రే ఎత్తినట్టు,
మళ్లీ.