గుల్లలో మిగిలిన చోటు

నేస్‌బీలో జూలై అంటే
కంచె తీగల మీద తెల్లటి ముళ్ళు మొలిచే నెల.
కొట్టు తాళంచెవిని
ముందు గుప్పిట్లో వెచ్చబెట్టుకోవాలి.

ముర్డో బెగ్ వచ్చాడు, గోనెపట్టాలో చుట్టుకుని
ముత్తాతగారి మార్టినీ తుపాకీ.
పక్కన కిరీటం ముద్ర,
దాని కింద పద్దెనిమిదివందల ఎనభై ఒకటి.
"పొగ రాని మందు వేసిపెట్టు, ఎల్స్‌పెత్.
నల్లమందుతో పేల్చిన ప్రతిసారీ
కుళ్ళిన గుడ్ల కంపు, మరిగే నీళ్ళు, గుడ్డపీలికలు,
అంట్లు తోమినట్టు తోమడం.
ఇక నావల్ల కాదు."

ఆ ఇనుము వయసు గుర్తుచేశాను.
నల్లమందు భుజం పట్టి తోస్తుంది,
ఇది చెంప మీద కొడుతుంది అన్నాను.
గోడకి వేలాడే గొట్టాన్ని చూపించాను,
రాన్‌ఫర్లీ నుంచి ఎవరో తెచ్చిచ్చింది,
అరటితొక్కలా ఒలిచి ఉంటుంది.
ముర్డో దానికి తన టోపీ తగిలించాడు.
"తూకం తెలిసినదానివి నువ్వున్నావుగా" అన్నాడు.
ఊళ్ళో నాకున్న ఆ పేరే
నన్ను ఒప్పించింది.

ఇత్తడి గుల్ల. మెడ సన్నం, పొట్ట బొద్దు.
నల్లమందు పోస్తే మెడదాకా వచ్చి నిలుస్తుంది,
మరోసారి పోద్దామన్నా చోటివ్వదు.
నిండు కుండ. తొణకదు, మోసం చేయదు.
ఈ బూడిదరంగు రేకులు మాత్రం
అడుగున ఎక్కడో పడి ఉంటాయి.
చెవి దగ్గర ఊపితే
ఖాళీ ఇంట్లో ఎవరో చీపురు పట్టిన చప్పుడు.
అంత చోటు!
ఇంకొకసారి పోసినా
నోరు మెదపకుండా మింగేస్తుంది.

ఒకటి. రెండు. మూడు.
తూచడం, పోయడం,
కాగితం చుట్టిన సీసం గుండు నొక్కడం.
ఏడో ఎనిమిదో దగ్గర ఫోన్ మోగింది.
కర్లింగ్ ఆటకి చెరువు మీద మంచు
చాలినంత గట్టిపడిందా అని ఎవరో.
చెప్పాను. పెట్టేశాను.
తిరిగొచ్చి ఇరవై పూర్తి చేశాను.

నాలుగింటికి ముర్డో డబ్బా పట్టుకెళ్ళాడు.
నేను పొయ్యి మీద సూప్ కలుపుతూ
ఉప్పు వేశానా, వేయలేదా అనుకున్నాను.
గరిటె అక్కడే ఆగిపోయింది.

ఉప్పు సంగతి నాలుక తేలుస్తుంది.
ఆ గుల్ల సంగతి
ముర్డో చెంప పక్కన తేలుతుంది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు.
ట్రక్కు అద్దం మీద మంచు గీరే తీరిక లేక
కిటికీలోంచి తల బయటపెట్టుకుని
పన్నెండు కిలోమీటర్లు.
పలకరాళ్ళ గోడ దాటాక కనిపించాడు,
గొర్రెల దొడ్డి వెనక,
తుపాకీ కింది మీట దించి
వేళ్ళ మధ్య ఒక తూటా పట్టుకుని.

ఏమని అరిచానో తెలీదు. కుక్కలు మొరిగాయి.
చచ్చిపోయిన వాళ్ళ నాన్న పేరు పెట్టి పిలిచానని
తర్వాత ముర్డోనే చెప్పాడు.

ఆ రాత్రి అతని వంటింటి బల్ల దగ్గర
ఇరవై గుండ్లూ ఊడబెరికాం.
ఒక్కొక్క గుల్లనీ తక్కెడలో ఒంపాను.
ఇరవైకీ ఒకటే తూకం.
రవ్వంత తేడా లేదు.

"చూశావా" అని నవ్వాడు.
చూశాను.
నా చెయ్యి మాత్రం
ఇంకా గరిటె పట్టుకునే ఉంది.
తప్పు జరగలేదని తెలియడం ఒకటి.
జరిగి ఉంటే, దాక్కోడానికి లోపల చోటుందని
తెలియడం ఇంకొకటి.

ఇరవైనీ నల్లమందుతో మెడదాకా నింపి ఇచ్చాను.
ఆదివారం పేల్చాడు.
సగం కొండ మాయమైంది.
గొర్రెలు కనబడలేదు, ముర్డో కనబడలేదు.
పొగలోంచి ముందు దగ్గు,
ఆ వెనకే నన్ను తిట్టిన తిట్టు.
ఎంత నిక్షేపంగా ఉంది ఆ గొంతు!

కెటిల్ పొయ్యి మీద పెట్టి
గుడ్డపీలికలు వెతకసాగాను.