రెండు గంటల గడి

పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న:
మంచం పుండ్లు రాకుండా ఏం చేస్తావు?
నాకు నాలుగున్నర వచ్చాయి.

మూసీ వైపు కిటికీలున్న మగవాళ్ళ వార్డు,
పదిహేడో మంచం, గులాం దస్తగీర్.
ఎడమ పక్క పడిపోయి పదకొండు రోజులు.
లాడ్‌బజార్‌లో లక్కగాజులు చుట్టిన చేయి
దుప్పటి మీద,
ఎవరో మరిచిపోయి వెళ్ళిన గొడుగులాగ.

తెల్లవారుజాము నాలుగు.
పక్కబట్ట పట్టి లాగబోయాను.
"లాగకు," అంది సలోమీ సిస్టర్.
"లాగితే తోలు ఆడనే ఉంటది, ఎముక జరుగుతది.
ఇద్దరం లేపుదాం. ముందు ఆయనకు చెప్పు.
చెప్పకుండా తిప్పితే
మనిషికి కింద పడ్డట్టే ఉంటది."

"చాచా, గోడ వైపు తిప్పుతున్నాం."
సగం నోటితో "హౌ" అన్నాడు.

నడుము కింద, ఎముక తోలును తాకే చోట
రూపాయి బిళ్ళంత ఎరుపు.
"రుద్దకు. వేలుతో ఒత్తి చూడు.
తెల్లబడితే ఇంకా మన చేతిలో ఉన్నట్టు."
ఒత్తాను.
ఎరుపు ఎరుపుగానే ఉంది.

సిస్టర్ చార్టు తీసింది.
పన్నెండు: వెల్లకిల. రెండు: కుడి పక్క.
రెండు గంటల గడిలో నా సంతకం, గుండ్రంగా.
రెండింటికి నేను మెట్ల మీద
ఫ్లాస్కు మూతలో టీ తాగుతున్నాను.
గడి మాత్రం ఒంటిగంటకే నింపేశాను.

చాచా గోడతో అన్నట్టు అన్నాడు, మాటలు జారుతుండగా:
"లక్క భీ గంతే, బేటీ. నిప్పు మీద తిప్పుతనే ఉండాలె.
ఒక్క దిక్కు పెట్టి చాయ్‌కి పోతే
గాజు ఖరాబ్."

ఆయనకు టీ సంగతి తెలియదు.
తెలియదనే అనుకుంటాను.

"సిస్టర్, రెండింటికి తిప్పలేదు."

ఆమె కాసేపు ఏమీ అనలేదు. పెన్ను ఇచ్చింది.
"వైట్నర్ పెట్టకు. ఒక్క గీత కొట్టు,
కింద రాసింది కనబడాలె.
పక్కన నీ పేరు, ఇప్పటి టైము.
డాక్టరుకు నేను చెప్తా."

మొదటి సూది పొడిచిన రోజు కూడా
చేయి ఇంతగా వణకలేదు.

మోకాళ్ళ నడుమ దిండు పెట్టాం.
మడమలు పరుపుకు తగలకుండా లేపాం.
పక్కబట్టలో ముడతలు అరచేత్తో తీశాను,
ఒకటి తీస్తే ఇంకొకటి.

ఆరింటికి ఎవరూ పిలవకముందే వెళ్ళాను.
అఫ్జల్‌గంజ్‌లో ఏదో బస్సు హారన్ కొడుతోంది.
చేతులు రుద్దుకున్నాను, వేడెక్కేదాకా.
"చాచా," అన్నాను,
"తిప్పుతున్నా."