పదకొండో భాగం

మంగళవారం రాత్రి తొమ్మిదయ్యేసరికి
లాలాపేట సందులో చెప్పులన్నీ
శౌరీలు మాస్టారి గుమ్మం ముందుండేవి.
టీవీ ఆయనది. యాంటెన్నా వీధి మొత్తానిది.
డాబా మీంచి ఎవడో తిప్పుతూ "వచ్చిందా?" అనేవాడు,
వచ్చిన బొమ్మ ఆ కేకకే పోయేది.

హిందీ మాలో ఎవరికొచ్చు గనక!
ప్రాథమిక పాసైన మా అక్కే దుబాసీ.
తనకి అర్థంకాని చోట
"ఏదో అంటున్నాడులే" అని దాటేసేది.
డిటెక్టివు పేరు మాకు నోరు తిరగలేదు.
ఎండైనా వానైనా చంకలో గొడుగుండేది కాబట్టి
మా వీధికి ఆయన గొడుగాయన.

ఆ వారం పదకొండో భాగం.
కొండ మీద బంగళా, పదిరోజులుగా తాళం,
ఆ రాత్రే తీయించాడు గొడుగాయన.
హాల్లో ఏడుగురు. ఎనిమిదో కుర్చీ ఖాళీ.
తుపాకీ లేదు, పరుగుల్లేవు,
చచ్చినాయన ఫోటోకి దండ కూడా లేదు.
గొడుగు మూలన ఆనించి
టీలో పంచదార కలపడం మొదలుపెట్టాడాయన.

కలుపుతున్నాడు.
కలుపుతూనే ఉన్నాడు.
చెంచా కప్పుకి తగిలే చప్పుడు తప్ప
వెనక వాయిద్యం ఒక్కటీ లేదు.
చెంచా ఒక చుట్టు తిరిగితే ఒక మొహం.
మరదలి మెడమీద కదిలే నరం.
డాక్టరు తుడిచిందే తుడుస్తున్న కళ్ళజోడు.
వంటమనిషి మొహంలో ఏమీ లేదు,
అదే మాకు మరీ భయం.
వక్క నములుతున్న ఇన్నాసమ్మగారు
దవడ ఆపేసి ఎంతసేపైందో ఆమెకే తెలీదు.

అప్పుడు వెనక వరసలోంచి
నాజ్ సెంటర్లో వాచీలు బాగుచేసే జానీబాషా
ఎవరితోనో కానట్టు అన్నాడు:
"అది ఎనిమిది రోజుల గడియారం.
పదిరోజులు తాళం వేసిన ఇంట్లో
ఇంకా ఎట్లా నడుస్తోంది?"

నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.
అందరం గోడ చూశాం. లోలకం ఊగుతోంది.
మొదటి నిమిషం నుంచీ మా కళ్ళ ముందే ఊగుతోంది.
"వెతుక్కోటానికి దొంగతనంగా వచ్చుంటాడు,
పోతా పోతా కీ తిప్పాడు.
అలవాటు పడ్డ చెయ్యమ్మా, ఊరుకోదు."

తెరమీద చెంచా ఆగింది.
గొడుగాయన తలెత్తి గడియారం వైపే చూశాడు.
జానీబాషా చెప్పింది విని చూసినట్టే ఉంది మాకు.
వేలు లేచింది, నోరు తెరిచాడు

సరిగ్గా అప్పుడే
పట్నంబజారు మిర్చి కొట్ల మీంచి గాలి తిరిగింది.
మాస్టారు మొదలుపెట్టారు,
ఆ వెనక వీధి వీధంతా
ఇరవై తుమ్ములు, ఇరవయ్యొకటి.
కళ్ళు తుడుచుకుని చూస్తే
తెరమీద పేర్లు పైకి పోతున్నాయి.
"ఎవరే? ఎవరే?" అని అక్కని పట్టుకుంటే
అదింకా తుమ్ముతూనే ఉంది.

వారమంతా పంపు దగ్గర తగువే.
మరదలని సగం వీధి, డాక్టరని సగం.
తుమ్మితే తమ్ముడైనా ఆగాలి గానీ
సీరియలు ఆగుతుందా?
పై మంగళవారం వేరే ఊరు, వేరే శవం.

మొన్న మా మేనకోడలు ఫోన్లో వెతికి పెట్టింది.
అరచేతంత తెర, అదే వాన, అదే బంగళా.
గడియారాన్ని దాచలేదు తీసినవాళ్ళు,
ప్రతి మొహం వెనకా పెట్టారు.
మొహాలు చూసే మనల్ని నమ్ముకున్నారంతే.
ఇప్పుడు హిందీ నాకూ కాస్త వచ్చు.
అయినా ఆ టీ దగ్గర
మాటలు రానప్పటిలాగే కూర్చున్నాను.

పేరు విన్నాను. మీకు చెప్పను.
మరదలు కాదు, డాక్టరూ కాదు, అంతవరకే.
ఒకటి మాత్రం చెబుతాను:
చెంచా ఆగగానే
నాకు తెలీకుండానే
రెండు వేళ్ళతో ముక్కు గట్టిగా పట్టుకున్నాను.