పద్దెనిమిది గ్రాములు

బ్రాడీపేటలో క్లినిక్ ఎత్తేస్తూ పళ్ళ డాక్టరు అమ్మాడు దీన్ని.
కుర్చీ ఎవరో కొన్నారు, అద్దాల బీరువా ఇంకెవరో.
నాకు మిగిలింది ఇది,
ఆరువేల ఐదొందలు, బేరం లేదు.
స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని తెస్తుంటే
మూడు వంతెనల దగ్గర ప్రతి గతుక్కీ
లోపల ఏదో గిలక్కాయలా కదిలింది.
ఏమిటో ఇప్పటికీ తెలీదు.

ప్రెజర్ చూపించే ముల్లు మూడు దగ్గర నిద్రపోయింది.
స్విచ్ వేసినా మూడే, పీకినా మూడే.
రత్నశీల దాని చుట్టూ ఒకసారి తిరిగి
"ఫిల్టరు కాఫీకి ఏం రోగం?" అంది.
రోగమేం లేదు.
నాకే చెప్పడం రాలేదు.

నా ఉద్యోగం మిర్చి యార్డులో, కాటా దగ్గర.
టిక్కీలు, క్వింటాళ్ళు, తరుగు.
ఇరవై రెండేళ్ళ ఘాటుకి నా ముక్కు
ఎప్పుడో రాజీనామా ఇచ్చేసింది.
మల్లెలు తెచ్చినా తెలీదు, పప్పు మాడినా తెలీదు.
ఒకరోజు ఆ డాక్టరు నా పన్ను పీకే ముందు
తను తాగుతున్న బుల్లి కప్పు పక్కన పెట్టాడు.
ఆ ఒక్క వాసన
యార్డు మొత్తం దాటుకుని లోపలికి వచ్చింది.
అదీ సంగతి.

నాలుగున్నరకి లేస్తాను.
కరెంటు కాస్త నిలకడగా ఉండే వేళ.
బంగారం తూచే కాటా మీద పద్దెనిమిది గ్రాముల అరకు గింజ.
నలభై కేజీల టిక్కీకి
చూపుతోనే తరుగు కోసేవాణ్ణి,
ఇక్కడ అరగ్రాము దగ్గర ఊపిరి బిగబడతాను.

మొదటి వారమంతా తాలే.
తొమ్మిది సెకన్లకే పల్చగా, పాలిపోయి
మున్సిపాలిటీ కుళాయిలా దూకేసింది.
పచ్చి చింతకాయ పులుపు.
చేతిమర బిగించి ఇంకా సన్నగా విసిరాను.
నిమిషం దాటినా చుక్క లేదు,
వచ్చింది తారు.
వేపపుల్ల నమిలినట్టు రోజంతా నాలుక మీదే ఉంది.

అంచు చుట్టూ వేడినీళ్ళు చిమ్మడం మొదలెట్టాక
పట్నంబజారులో కుక్కర్లు బాగుచేసే మస్తాన్‌వలిని పిలిచాను.
అతను కాఫీ తాగడు.
రబ్బరు షీటు కోసి గ్యాస్కెట్ అమర్చాడు,
నిమ్ముప్పు నీళ్ళు పోసి లోపలి సున్నమంతా కక్కించాడు.
"మన బోరునీళ్ళు పళ్ళకి చేసేదే
దీని పేగులకి కూడా చేశాయి సార్" అన్నాడు.
డబ్బులు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళినవాడు
నేను పొడి అదమడం చూసి ఆగాడు.
"బస్తాలో కాయ తొక్కినట్టు తొక్కుతున్నారేంటి?
బలం కాదు, మట్టం చూడండి."

మట్టం.
మర్నాడు గింజ విసిరి, పొడి ఉండలు పుల్లతో చిదిపి,
మోచేయి నిటారుగా పెట్టి నొక్కాను,
పడుకున్నవాళ్ళు లేవకుండా తలుపు వేసినట్టు.

ఆరు సెకన్లు ఏమీ లేదు.
ఏడుకి
తాటిబెల్లం పాకం రంగులో రెండు దారాలు
జారి, వంకర తిరిగి, ఒకటయ్యాయి.
నా చెయ్యి స్విచ్ మీద వణికింది.
ఇరవై ఏడు దగ్గర ఆపాను.
ముల్లు మూడు దగ్గరే ఉంది, దానికేం తెలుసు.

నిలబడే తాగాను.
ముందు పులుపు, కానీ పండిన పులుపు,
రేగుపండు గింజకి అంటుకుని ఉంటుందే, అది.
తర్వాత చేదు వచ్చి మర్యాదగా ఓ పక్కన కూచుంది.
రత్నశీల ఎప్పుడు లేచిందో,
ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది.
కప్పు మాత్రం తిరిగివ్వలేదు.

మర్నాడు అదే గింజ, మర మీద అదే గీత, అదే పద్దెనిమిది.
మళ్ళీ తారు.
రాత్రి వాన పడింది.
తడి కాయకి తరుగు కోసే నాకు
గింజ కూడా గాలి తాగుతుందని తట్టలేదు.

మరని ఒక గీత వదులు చేశాను.
యార్డుకి ఇంకా గంట టైముంది.
కింద కారిన నీళ్ళు తుడుద్దామని మిషను ఎత్తితే
లోపల అది మళ్ళీ కదిలింది.